పాత షెవ్రొలే ట్రక్కుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించడం ఎలా

మా బావగారి దగ్గర 1971 షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు ఉంది. 350 వీ8 ఇంజన్, మూడు గేర్ల మాన్యువల్. గేరు కర్ర మన పాత అంబాసిడర్‌లో లాగే స్టీరింగు పక్కన ఉంటుంది. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కడం ఆయన వల్ల కాలేదు. బండి అమ్మేస్తానన్నారు. "అమ్మొద్దు బావగారూ, ఆటోమేటిక్ ఎక్కిద్దాం" అన్నాను. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో ఇద్దరం కలిసి ఆ పని చేశాం. ఒక తప్పు వల్ల ఒకసారి బిగించిందంతా విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. గేర్‌బాక్స్‌ను ఎత్తి ఇంజన్‌కు బిగించడం ఈ పనిలో సగం కూడా కాదు. టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి డబ్బా) సరిగ్గా కూర్చోవడం, టీవీ కేబుల్ (కార్బ్యురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే తీగ) సరిగ్గా కుదరడం, నూనె చల్లబడటం: కొత్త గేర్‌బాక్స్ ఏళ్ల తరబడి నడుస్తుందా, వారంలో కాలిపోతుందా అన్నది ఈ మూడింటి మీదే ఉంటుంది. అందుకే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఏ గేర్‌బాక్స్ తీసుకోవాలి

పాత షెవ్రొలే వీ8కి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది టర్బో 350. 1969లో వచ్చింది, మూడు గేర్లు, గట్టిది, చవక. కానీ ఓవర్‌డ్రైవ్, అంటే హైవే మీద ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే పై గేరు, లేదు. రెండోది 200-4ఆర్. నాలుగు గేర్లు, పొడవు దాదాపు టర్బో 350 అంతే కాబట్టి ఇప్పటికే టర్బో 350 ఉన్న బండికి తేలిగ్గా పడుతుంది. మూడోది మేం వాడిన 700ఆర్4. ఇది 1982లో వచ్చింది. 1990 నుంచి దీన్నే 4ఎల్60 అన్నారు. మొదటి గేరు 3.06, రెండోది 1.63, మూడోది 1.00, నాలుగోది 0.70.

ఆ 0.70 ఏం చేస్తుందో లెక్క వేసి చూడండి. 28 అంగుళాల ఎత్తున్న టైరు మైలుకు సుమారు 720 సార్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ల వేగమంటే నిమిషానికి ఒక మైలు. వెనక యాక్సిల్ రేషియో 3.73 అయితే మూడో గేరులో ఇంజన్ 2,686 ఆర్‌పీఎం మీద తిరగాలి. నాలుగో గేరులో అదే వేగానికి 1,880 చాలు. హైవే మీద ఇంజన్ గోల తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. పైగా మొదటి గేరు పెద్దది కాబట్టి బరువున్న బండి ఆగిన చోటి నుంచి చురుగ్గా కదులుతుంది. మీ యాక్సిల్ 3.07 అయితే మాత్రం నాలుగో గేరులో 60 మైళ్ల దగ్గర ఇంజన్ 1,550 చుట్టూ ఉంటుంది. ఆ వేగంలో చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఈడ్చుకుంటూ పోతుంది. అలాంటి బండికి ఓవర్‌డ్రైవ్ మీద డబ్బు పెట్టేముందు బాగా ఆలోచించండి.

పాత సామాన్ల యార్డులో 700ఆర్4ను గుర్తుపట్టడానికి కింది పాన్ చూడండి. దాదాపు చతురస్రంగా ఉండి 16 బోల్టులుంటాయి. టర్బో 350 పాన్‌కు 13. కుడిపక్క టీవీ కేబుల్ ఉండాలి. కేబుల్ లేకుండా లావుపాటి వైర్ల కనెక్టర్ మాత్రమే ఉంటే అది తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ 4ఎల్60-ఈ. దాన్ని నడపడానికి వేరే కంప్యూటర్ కావాలి. చిన్న వీ6 ఇంజన్ల కోసం చేసిన 700ఆర్4కు బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు, ఇంజన్‌కు బిగించే గంట ఆకారపు భాగం) బోల్టుల అమరిక వేరు, అది మీ వీ8కి పట్టదు. 1984 ప్రాంతం దాకా వచ్చిన వాటిలో ఇన్‌పుట్ షాఫ్ట్‌కు 27 పళ్లు, 1985 నుంచి వచ్చిన వాటికి 30. కన్వర్టర్ కొనేటప్పుడు ఈ లెక్క తప్పితే అది షాఫ్ట్ మీదికి ఎక్కనే ఎక్కదు. దొరికితే 1987 తర్వాతి గేర్‌బాక్స్ తీసుకోండి, అప్పటికి లోపలి బలహీనతలు చాలావరకు సరిదిద్దారు. యార్డు నుంచి తెచ్చినదాన్ని విప్పి కొత్త క్లచ్ ప్లేట్లు, సీళ్లు వేయించకుండా ఎక్కించొద్దు.

ఇది చదివి ఆంధ్రలోనో తెలంగాణలోనో ఇంటి ముందున్న పాత బండికి ఇలాగే చేద్దామనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. దివ్యాంగుల కోసం బండిని మార్చుకోవడానికి చట్టంలో వేరే దారి ఉంది. పానా పట్టుకునే ముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, రాతపూర్వకంగా అనుమతి అడగండి.

విప్పేముందు

ఏదీ విప్పకముందే ఫోన్‌తో బండి కింద ఫొటోలు తీయండి. వైర్లు ఏ దారిన వెళ్తున్నాయి, స్పీడోమీటర్ కేబుల్ ఎక్కడుంది, సైలెన్సర్ పైపు గేర్‌బాక్స్‌కు ఎంత దగ్గరగా పోతోంది, అన్నీ. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి.

బండిని ఎత్తేటప్పుడు తొందర వద్దు. గట్టి కాంక్రీటు నేల మీదే ఎత్తండి. నాలుగు జాక్ స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టి, బండిని చేతులతో గట్టిగా ఊపి చూడండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. ఒట్టి జాక్ మీద నిలబెట్టిన బండి కిందికి ఒక్క నిమిషం కూడా దూరొద్దు. 700ఆర్4 బరువు 70 కేజీల దాకా ఉంటుంది. దాన్ని గుండెల మీద పెట్టుకుని ఎత్తే ప్రయత్నం చేయకండి. ట్రాన్స్‌మిషన్ జాక్ రోజు అద్దెకు దొరుకుతుంది. ఈ పనిలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో బాగా కలిసొచ్చింది ఆ అద్దే.

పాతది దించడం

ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తీయండి. వెనక క్రాస్ బేరింగు దగ్గర బిగింపులు విప్పి షాఫ్ట్‌ను వెనక్కి లాగితే గేర్‌బాక్స్ తోక నుంచి జారి వస్తుంది. అక్కడి నుంచి నూనె కారుతుంది, పళ్లెం పెట్టుకోండి. కొన్ని ట్రక్కుల్లో షాఫ్ట్ రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగుతో ఉంటుంది. ఆ రెండు ముక్కలు ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయో సుద్దతో గీత పెట్టుకోండి.

తర్వాత స్పీడోమీటర్ కేబుల్, గేర్ లింకులు, క్లచ్‌కు వెళ్లే కడ్డీలు, బెల్‌క్రాంక్, స్టార్టర్ మోటార్. ఇంజన్ వెనక భాగం కింద చెక్క పెట్టి రెండో జాక్‌తో ఆసరా ఇవ్వండి. లేకపోతే గేర్‌బాక్స్ తీయగానే ఇంజన్ వెనక్కి వాలి డిస్ట్రిబ్యూటర్ గోడకు తగులుతుంది. గేర్‌బాక్స్, బెల్ హౌసింగ్, క్లచ్, ఫ్లైవీల్ వరసగా దించండి. ఈ పని అంతా కలిపి మాకు ఒక శనివారం పట్టింది.

ఫ్లైవీల్ తీశాక క్రాంక్‌షాఫ్ట్ చివర రంధ్రంలో పైలట్ బుష్ అనే చిన్న కంచు ఉంగరం కనిపిస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస అందులో తిరిగేది. ఆటోమేటిక్‌కు అది అక్కర్లేదు, తీసేయాలి. రంధ్రం నిండా గ్రీజు కూరి, అందులో సరిగ్గా పట్టే కడ్డీ పెట్టి సుత్తితో కొడితే గ్రీజు వెనక నుంచి తోసి బుష్‌ను బయటికి నెడుతుంది. గ్రీజు చాలకపోతే మళ్లీ నింపి కొట్టండి. చాలామంది ఈ బుష్ సంగతి మరిచిపోతారు. అది బయటికి పొడుచుకుని ఉంటే కన్వర్టర్ ముక్కు దానికి తగులుతుంది.

ఇంజన్ వెనక పెద్ద ఆయిల్ సీలు చెమ్మగా కనిపిస్తే ఇప్పుడే మార్చేయండి. తర్వాత మార్చాలంటే ఇదంతా మళ్లీ విప్పాలి.

ఫ్లెక్స్ ప్లేటు

ఫ్లైవీల్ స్థానంలో ఇప్పుడు పలచటి ఫ్లెక్స్ ప్లేటు వస్తుంది. షెవ్రొలేలో ఇవి రెండు సైజులు: 153 పళ్లవి, 168 పళ్లవి. స్టార్టర్ మోటార్ బోల్టుల అమరిక సైజును బట్టి మారుతుంది కాబట్టి ప్లేటు, స్టార్టర్ రెండూ జతగా సరిపోవాలి. 1985 వరకు వచ్చిన 350 ఇంజన్లకు వెనక సీలు రెండు ముక్కలది, 1986 నుంచి ఒకే ముక్కది. ఈ రెండింటి ప్లేట్లు వేరు, బ్యాలెన్స్ కూడా వేరు. తప్పు ప్లేటు వేస్తే ఇంజన్ మొత్తం వణుకుతుంది, అప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టడం చాలా కష్టం. దుకాణంలో మీ ఇంజన్ సంవత్సరం చెప్పి తీసుకోండి. ప్లేటు బోల్టులను టార్క్ రెంచ్‌తో 60 ఫుట్-పౌండ్లకు, ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి బిగించండి.

కన్వర్టర్‌ను బిగించేముందే దాని ముక్కును క్రాంక్‌షాఫ్ట్ గుంటలో చేత్తో పెట్టి చూడండి. సాఫీగా దూరాలి. కొంచెం గ్రీజు రాసి ఉంచండి.

కన్వర్టర్‌ను కూర్చోబెట్టడం

మేం తప్పు చేసింది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

కన్వర్టర్‌లో ఒక క్వార్టు (లీటరుకు కొంచెం తక్కువ) ఆటోమేటిక్ గేర్ ఆయిల్ పోయండి. గేర్‌బాక్స్ ముందున్న పంపు సీలుకు అదే నూనె రాయండి. గేర్‌బాక్స్‌ను తోక కిందికి వాలేలా పెట్టుకుని, కన్వర్టర్‌ను షాఫ్ట్ మీదికి ఎక్కించి, లోపలికి నొక్కుతూ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. అది మూడు మెట్లలో దిగాలి. మొదట ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, తర్వాత స్టేటర్ పళ్లు, చివరికి పంపు. ప్రతి మెట్టులో "టక్" అని చిన్న చప్పుడు, చేతికి కొంచెం జారినట్టు తెలుస్తుంది. రెండు మెట్లు దిగగానే అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. మూడోది దిగేదాకా తిప్పుతూనే ఉండండి. పూర్తిగా దిగాక కన్వర్టర్ మీది బోల్టు చెవులు బెల్ హౌసింగ్ అంచు కంటే ఒక అంగుళం పైనే లోపలికి ఉంటాయి. స్కేలు అడ్డం పెట్టి కొలవండి. తర్వాత అది ముందుకు జారకుండా బెల్ హౌసింగ్‌కు అడ్డంగా ఇనుప పట్టీ బిగించండి.

ఇప్పుడు జాక్ మీద గేర్‌బాక్స్‌ను ఎత్తి ఇంజన్ వెనక ఉన్న రెండు డోవెల్ పిన్నుల మీదికి చేర్చండి. పట్టీ తీసేయండి. ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే వాలులో ఉంటే బెల్ హౌసింగ్ చేతి బలంతోనే ఇంజన్‌కు అంటుకుంటుంది. వేలితో బోల్టులు ఎక్కించండి. కన్వర్టర్ ఇంకా చేత్తో స్వేచ్ఛగా తిరుగుతోందా చూడండి. తిరిగితేనే బోల్టులను 35 ఫుట్-పౌండ్లకు బిగించండి.

మొదటిసారి మాకు బెల్ హౌసింగ్‌కూ ఇంజన్‌కూ మధ్య పావు అంగుళం సందు మిగిలింది. "బోల్టులు బిగిస్తే అదే దగ్గరికొస్తుందిలే" అనుకుని పానాతో బిగించేశాం. కన్వర్టర్ మూడో మెట్టు దిగలేదన్న సంగతి మాకు తెలియలేదు. బోల్టుల బలమంతా పంపు రోటర్ (పంపు లోపల తిరిగే చక్రం) మీద పడింది. ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లకే గరగర చప్పుడు, ఆ తర్వాత ఏ గేరు వేసినా బండి కదల్లేదు. మళ్లీ దించి చూస్తే పంపు రోటర్ పగిలి ఉంది. కొత్త పంపు, కొత్త సీళ్లు, ఇంకో రెండు వారాంతాలు. బావగారు ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బెల్ హౌసింగ్ ఇంజన్‌కు చేత్తో అంటుకోకపోతే బోల్టులతో లాగొద్దు. వెనక్కి తీసి, కన్వర్టర్‌ను మళ్లీ తిప్పి దించండి.

బెల్ హౌసింగ్ బిగిశాక కన్వర్టర్ చెవులకూ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య సందు కొలవండి. అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారులో మూడు వంతుల దాకా, అంటే సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. సందే లేకపోతే కన్వర్టర్ పంపును లోపలికి తోస్తోందని అర్థం. మరీ ఎక్కువైతే పంపును పూర్తిగా పట్టుకోదు, పలచటి వాషర్లు వేసి సరిచేయాలి. సందు సరిగ్గా ఉంటే కన్వర్టర్‌ను ముందుకు లాగి, ప్లేటుకు ఆనించి, మూడు బోల్టులనూ 35 ఫుట్-పౌండ్లకు బిగించండి. కన్వర్టర్ బోల్టులు సరైన పొడవువే వాడండి. పొడుగు బోల్టు కన్వర్టర్ రేకును లోపలికి సొట్ట పెడుతుంది.

నూనె కొలిచే పుల్ల గొట్టాన్ని గేర్‌బాక్స్ పూర్తిగా పైకి వెళ్లేముందే కొత్త సీలుతో దూర్చండి. తర్వాత చెయ్యి దూరే చోటుండదు.

క్రాస్‌మెంబర్, షాఫ్ట్

గేర్‌బాక్స్ తోక కింద ఆసరాగా ఉండే అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) పాత చోట సరిపోదు. సీ10లో దాన్ని వెనక్కి జరిపి, ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేసి బిగించవచ్చు. వెల్డింగ్ కంటే బోల్టులే మేలు, రేపు దించాలన్నా సులువు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు అంచనాతో కోయించకండి. బండిని నేల మీదికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక కొలవాలి. ముందరి స్లిప్ యోక్‌ను (గేర్‌బాక్స్ తోకలోకి దూరే షాఫ్ట్ కొస ముక్కను) గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా నెట్టి, అక్కడి నుంచి ముప్పావు నుంచి ఒక అంగుళం వెనక్కి లాగండి. అక్కడి నుంచి ముందు క్రాస్ మధ్య బిందువుకూ వెనక క్రాస్ మధ్య బిందువుకూ ఉన్న దూరమే షాఫ్ట్ పొడవు. షాఫ్టులు చేసే దుకాణంలో కోయించి, బ్యాలెన్స్ కూడా చేయించండి. గేర్‌బాక్స్ వాలు, వెనక యాక్సిల్ ముక్కు వాలు సమాంతరంగా ఉండాలి. కోణం చూపే చిన్న పరికరం ఇనుప సామాన్ల షాపులో దొరుకుతుంది. తేడా ఎక్కువైతే 50 మైళ్ల వేగం దగ్గర సీటు కింద వణుకు మొదలవుతుంది.

టీవీ కేబుల్

ఈ ఒక్క భాగం మీద ఒక పుస్తకం రాయొచ్చు. టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్. కార్బ్యురేటర్ నుంచి వచ్చే ఈ కేబుల్ గేర్‌బాక్స్‌లోని ఆ వాల్వును లాగుతుంది. టర్బో 350లో ఉన్న కేబుల్ గేరు తగ్గించడానికి మాత్రమే. 700ఆర్4లో అలా కాదు, మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కితే లోపల నూనె ఒత్తిడి అంత పెరగాలి. ఆ ఒత్తిడే క్లచ్ ప్లేట్లను గట్టిగా పట్టి ఉంచుతుంది. కేబుల్ వదులుగా ఉంటే బండి నడుస్తుంది, గేర్లు కూడా మెత్తగా పడుతున్నట్టే అనిపిస్తుంది. కానీ లోపల ప్లేట్లు జారుతూ కాలిపోతుంటాయి. అందుకే ఇంత ప్రమాదం. కేబుల్ సరిచేయకుండా బండిని గరాజ్ నుంచి వీధి చివరకు కూడా తీసుకెళ్లొద్దు.

ముందు చూడాల్సింది కొలత. 1980లలో వచ్చిన షెవ్రొలే కార్బ్యురేటర్ మీదైతే కేబుల్ తగిలించే పిన్ను సరైన చోట ఉంటుంది. బయటి నుంచి కొన్న ఎడెల్‌బ్రాక్, హోలీ కార్బ్యురేటర్ల మీద ఆ పిన్ను చోటు వేరు. అక్కడ కేబుల్ లాగే దూరం తప్పుతుంది, ఎంత సర్దినా కుదరదు. దానికి టీవీ కరెక్టర్ బ్రాకెట్ అనే చిన్న ముక్క అమ్ముతారు. తప్పకుండా వేయండి. కేబుల్ ఇంజన్ దగ్గర ఎక్కడా పదునుగా వంగకుండా, సైలెన్సర్ వేడికి తగలకుండా చూడండి.

సరిచేయడం ఇంజన్ ఆపి ఉన్నప్పుడే. కంపెనీ కేబుల్ అయితే కార్బ్యురేటర్ దగ్గర అడ్జస్టర్ మీద ఒక నొక్కుడు బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి స్లైడర్‌ను కార్బ్యురేటర్ నుంచి దూరంగా వెనక్కి, ఆగేదాకా తోసి బటన్ వదలండి. తర్వాత కార్బ్యురేటర్ థ్రాటిల్‌ను చేత్తో పూర్తిగా తెరవండి. స్లైడర్ కటకటమంటూ తనంతట తానే కుదురుకుంటుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు కేబుల్ వేలాడకూడదు. పూర్తిగా తెరిచినప్పుడు కేబుల్ ఆఖరిదాకా లాగబడాలి, కానీ థ్రాటిల్‌ను అది ఆపకూడదు.

ఇంకో పరీక్ష తప్పక చేయండి. మీరు బానెట్ దగ్గర ఉండి, ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమనండి. పాత బండ్లలో కార్పెట్టు మందం వల్లో, అరిగిన లింకు వల్లో పెడల్ నేలకు తగిలినా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోదు. మా ట్రక్కులో అలాగే ఉంది. చేత్తో చూస్తే అంతా బాగుంది, పెడల్‌తో చూస్తే పావు వంతు తగ్గింది. లింకు సరిచేశాక కేబుల్ మళ్లీ మొదటి నుంచి సర్దాం. వీలుంటే గేర్‌బాక్స్ పక్కనున్న ప్రెషర్ పోర్టుకు గేజి తగిలించి, థ్రాటిల్ తెరిచేకొద్దీ ముల్లు పైకి వెళ్తోందో లేదో చూడండి. గేజి ఖర్చు కొత్త క్లచ్ ప్లేట్ల ఖర్చు ముందు చాలా తక్కువ.

నూనె చల్లబడాలి

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఎక్కువగా చంపేది వేడి. నూనె 175 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక ప్రతి 20 డిగ్రీలకు దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌లు వాడే లెక్క. మాన్యువల్ బండి రేడియేటర్‌లో గేర్ ఆయిల్ కూలర్ ఉండదు. ఆటోమేటిక్ బండి రేడియేటర్ తెచ్చి వేయవచ్చు, లేదంటే రేడియేటర్ ముందు గాలి తగిలే చోట విడి కూలర్ బిగించవచ్చు. టెక్సస్ ఎండల్లో బరువు లాగే ట్రక్కు కదా అని మేం రెండూ వేశాం.

స్టీలు పైపుల చివరలను డబుల్ ఫ్లేర్ చేయండి, అంటే అంచును రెండు మడతలుగా విప్పార్చండి. రబ్బరు గొట్టం అవసరమైన చోట గేర్ ఆయిల్ ఒత్తిడికి చేసినదే వాడండి, పెట్రోలు గొట్టం కాదు. 700ఆర్4లో కింది ఫిట్టింగ్ నుంచి వేడి నూనె బయటికి వెళ్లి, చల్లబడి పై ఫిట్టింగ్‌లోకి తిరిగొస్తుంది. వేరే బండి నుంచి తీసిన పాత కూలర్ వాడొద్దు. అందులో మిగిలిన ఇనుప రజను మీ కొత్త గేర్‌బాక్స్‌లోకి పోతుంది.

గేర్ లివర్, వైర్లు

క్లచ్ పెడల్ తీసేశాక గేర్ లివర్ కోసం ఆటోమేటిక్ ట్రక్కు స్టీరింగు కాలమ్ వేయవచ్చు, లేదా నేల మీద కేబుల్ షిఫ్టర్. రెండోది తేలిక. ఏది వేసినా లివర్ ప్రతి గీత దగ్గర గేర్‌బాక్స్ లోపలి గాడిలో సరిగ్గా కూర్చోవాలి. లివర్ డ్రైవ్ అని చూపిస్తూ వాల్వు సగంలో ఉంటే ప్లేట్లు కాలతాయి.

స్టార్టర్‌కు వెళ్లే ఊదా రంగు వైరును కోసి, మధ్యలో న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ పెట్టండి. బండి పార్క్‌లో, న్యూట్రల్‌లో మాత్రమే స్టార్ట్ కావాలి. ఈ స్విచ్ లేని బండి గేరులో ఉండగానే తాళం తిప్పితే ఎదురుగా ఉన్న మనిషి మీదికి దూకుతుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ వైరు రేపటికి వాయిదా వేయకండి.

700ఆర్4 కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ ఉంటుంది. హైవే మీద అది పట్టుకుంటే కన్వర్టర్ జారదు, వేడి తగ్గుతుంది. కంప్యూటర్ లేని పాత బండికి దీని కోసం విడి వైరింగ్ కిట్లు దొరుకుతాయి. బ్రేకు తొక్కగానే లాకప్ వదిలేలా బ్రేకు స్విచ్‌కు కలపాలి. లేకపోతే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతుంది.

నూనె పోయడం, మొదటి స్టార్ట్

డెక్స్రాన్ రకం నూనె వాడండి. పూర్తిగా ఖాళీగా ఉన్న గేర్‌బాక్స్‌కు, కన్వర్టర్‌తో కలిపి 10 నుంచి 11 క్వార్టుల దాకా పడుతుంది. ముందు గొట్టం ద్వారా 5 క్వార్టులు పోయండి. వెనక చక్రాలు గాల్లో ఉండగా ఇంజన్ స్టార్ట్ చేసి, వెంటనే ఇంకో రెండు మూడు క్వార్టులు పోయండి. కన్వర్టర్, కూలర్ నూనె పీల్చుకుంటుంటే పుల్ల మీద మట్టం పడిపోతూ ఉంటుంది, పోస్తూనే ఉండండి. బ్రేకు మీద కాలు పెట్టి లివర్‌ను ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఉంచి మళ్లీ పార్క్‌కు తెండి. కింద ఎక్కడైనా నూనె కారుతోందా టార్చ్‌తో చూడండి.

నూనె వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, పార్క్‌లో, సమతలం మీద పుల్ల చూడండి. చల్లగా ఉన్నప్పుడు చూసిన మట్టం నమ్మొద్దు. ఎక్కువ పోసినా తప్పే, నురగ వచ్చి ఒత్తిడి పడిపోతుంది.

మొదటి ప్రయాణం ఇంటి చుట్టుపక్కల నెమ్మదిగా. తేలికపాటి యాక్సిలరేటర్‌తో గేర్లు వరసగా, తడబడకుండా పడాలి. పెడల్ ఎక్కువ తొక్కితే అవి ఆలస్యంగా, గట్టిగా పడాలి. గేరు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి అరిచినట్టు వేగం పుంజుకుంటే వెంటనే ఆపండి. ముందు టీవీ కేబుల్ చూడండి, తర్వాత నూనె మట్టం. స్పీడోమీటర్ అంకె ఫోన్‌లో జీపీఎస్ చూపే వేగంతో కలుస్తోందో లేదో చూసి, తేడా ఉంటే గేర్‌బాక్స్ తోకలోని చిన్న ప్లాస్టిక్ గేరు మార్చండి.

500 మైళ్లయ్యాక పాన్ విప్పండి. అడుగున ఉన్న అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు పొడి ఉండటం మామూలే, కొత్త ప్లేట్లు ఒరుసుకుంటాయి. ఇత్తడి రంగు రవ్వలో, మాడిన వాసనో ఉంటే మాత్రం బండి ఆపేసి కారణం వెతకాలి. ఫిల్టరు మార్చి, కొత్త గాస్కెట్ వేసి, క్రాస్‌మెంబర్ బోల్టులు, బెల్ హౌసింగ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడండి. మా ట్రక్కు పాన్ విప్పినరోజు బావగారు అయస్కాంతాన్ని వేళ్లతో తుడిచి, వెలుతురులోకి తిప్పి చూసి, "పొడేరా, రవ్వ లేదు" అన్నారు. ఆ సాయంత్రమే ఆ ట్రక్కు తనే నడుపుకుంటూ ఇంటికి వెళ్లారు.